అట్టకోట కాడ డెక్కల చప్పుడు

పాన్‌గల్ దాటి గుట్టల దిక్కు పోతే ఒక పాత రాళ్ల క్వారీ ఉంటది. దాన్ని ఇప్పుడు అందరు అట్టకోట అంటరు. పొద్దుగూకినంక ఆ తొవ్వల ఎవ్వరు పోరు. పాల బండి ఆయన పోడు. ట్రాక్టర్లు పోవు. పెండ్లి బారాత్ అయినా సరే, చుట్టు తిరిగి తారు రోడ్డు మీదికెల్లే పోతది.

ఎందుకంటే ఆడ గుర్రం తిరుగుతదని.

చూసినోళ్లు తక్కువ, ఇన్నోళ్లు ఎక్కువ. బండ మీద డెక్కల చప్పుడు... టక్... టక్... టక్... మూడుసార్లు. నాలుగోది ఉండదు. నాలుగో దానికి బదులు ఏదో ఈడ్చినట్టు, బండను గీరినట్టు ఒక చప్పుడు. మల్ల మూడు. మల్ల గీరుడు. ఒకసారి ఇన్నోడు రెండోసారి ఆ దిక్కు పోలేదు.

ఈ సంగతి నాకు చెప్పింది మద్దిలేటి. మా బర్రెకు సూది వెయ్యనీకి వచ్చినప్పుడు, పని అయినంక బోరింగు కాడ చేతులు కడుక్కుంట చెప్పిండు. కడిగిన చేతులే మల్ల కడిగిండు. చెప్పుకుంట చెప్పుకుంట మూడుసార్లు కడిగిండు.

మద్దిలేటి గోపాలమిత్ర. అంటే డాక్టర్ కాదు. ఊరూరు తిరిగి ఆవులకు, బర్రెలకు ఎద సూదులు వేసుడు, జ్వరమొస్తే మందు పోసుడు, ఈనలేకపోతే చెయ్యి పెట్టి దూడను తీసుడు... గంతవరకే ఆయన పని. ఇరవై ఏండ్ల సంది అదే చేస్తుండు. హస్తవాసి మంచిది. అందుకని మా దిక్కు అందరు డాక్టర్ సాబ్ అనే పిలుస్తరు. ఆయన కూడ ఎన్నడు కాదనలేదు.

రెండేండ్ల కింద ఎండాకాలంల ఆ క్వారీల సినిమా షూటింగు పెట్టిండ్రు. రాజుల కథనట. బండ మీద కట్టెలు నిలబెట్టి, ప్లైవుడ్డు కొట్టి, థర్మాకోల్ అతికి, రంగు వేసి కోట కట్టిండ్రు. ముంగట నిలబడి చూస్తే బురుజులు, పెద్ద దర్వాజ. ఎనకకు పోయి చూస్తే మేకులు, సుతిలి తాళ్లు. యుద్ధం సీన్లకని పద్నాలుగు గుర్రాలను లారీలల్ల తెచ్చిండ్రు.

షూటింగు మేనేజర్ శ్రవణ్ కుమార్ అని ఒకాయన మద్దిలేటి ఇంటికి వచ్చిండు.

"జంతువులు ఉన్నచోట పశువుల డాక్టర్ ఉండాలి సార్, రూలు. మా డాక్టర్ మధ్యలో వెళ్లిపోయాడు. మీరు పది రోజులు వచ్చి కూర్చుంటే చాలు" అన్నడు.

నేను డాక్టర్‌ను కాను అని గప్పుడే అనాలె. మద్దిలేటి అనలేదు. వాళ్లు కుర్చీ వేసిండ్రు, గొడుగు పట్టిండ్రు, కొబ్బరిబొండం చేతిల పెట్టి అందరి ముంగట డాక్టర్ సాబ్ అన్నరు. "గది నాకు మంచిగనే అనిపించింది" అని నాతోని ఆయనే చెప్పిండు. దాచలేదు.

ఆ క్వారీల చెట్టు లేదు, నీడ లేదు. పది గొట్టంగ బండ పెనం తీర్గ కాలుతది. గుర్రాలకు మొఖానికి ఇనుప తొడుగులు, మీద జీను, దాని మీద మనిషి. పొద్దుగాల నిలబెడితే పొద్దు వంగినదాంక గట్లనే. నీళ్ల ట్యాంకర్ వస్తే ముందుగాల మనుషులకు, మిగిలితే గుర్రాలకు. ఆ మిగిలిన నీళ్లు మోసేది దేవమ్మ. మొగడితోని పూణె దిక్కు బిల్డింగు పనులకు వలసపోయి, ఆయన పోయినంక వాపస్ వచ్చి కూలి చేసుకునే ముసల్ది. రెండు బకెట్లు పట్టుకొని ఉరుకుతుండె. ఒక గుర్రం తాగేటప్పటికి ఇంకో గుర్రం ఆమె కొంగు పట్టి గుంజుతుండె.

ఏడో రోజు ఒక ఎర్ర గుర్రం, నుదుటి మీద తెల్ల చుక్క ఉన్నది, ముందరి ఎడమ కాలు ఎత్తి ఎత్తి పెడుతుంది. మద్దిలేటి పోయి మోకాలు కింద చెయ్యి పెట్టి చూసిండు. వాపు. చెయ్యి కాలేంత వేడి.

"నరం పట్టేసింది. ఇయ్యాల దీన్ని ఉరికియ్యొద్దు" అన్నడు.

"హీరో గుర్రం సార్ ఇది. ఒక్క షాట్. నొప్పి తెలియకుండా ఏదో ఒకటి వెయ్యండి..."

మద్దిలేటి వేసిండు.

నొప్పి పోయింది. వాపు పోలేదు. ఆ సంగతి గుర్రానికి తెల్వదు గదా. కాలు బాగైందనుకొని ఉరికింది. ఒక్క షాట్ అన్నది నాలుగైంది. రెండోదానికే మద్దిలేటికి ఏదో ఊరికెల్లి ఫోన్ వస్తే బండెక్కి ఎల్లిపోయిండు. ఫోన్ రాకున్నా పోతుంటినేమో అంటడు ఇప్పుడు.

మాపటికి శ్రవణ్ కుమార్ కాయిదం పట్టుకొని ఇంటికొచ్చిండు. ఎర్ర గుర్రం గుండె ఆగి చనిపోయింది, పూడ్చిపెట్టేశాం, ఇక్కడ సంతకం పెట్టండి అన్నడు. మద్దిలేటి పోయి చూడలేదు. చూడకుండనే పెట్టిండు.

దసరాకు ఆ సినిమా వచ్చింది. పెండ్లాం పిల్లలను తీసుకొని వనపర్తికి పోయిండు. లైట్లు ఆర్పినంక, బొమ్మ పడకముందు తెర మీద అక్షరాలు వచ్చినయి. ఈ చిత్రంలో ఏ జంతువుకూ హాని జరగలేదు అని. మద్దిలేటి లేచి బయటికొచ్చిండు. సినిమా అయిపోయినదాంక సైకిల్ స్టాండు కాడ నిలబడిండు.

అప్పటికే క్వారీల డెక్కల చప్పుడు మొదలైంది. సినిమావాళ్లు రెండో భాగం తీస్తమని ఆ అట్టకోటను గట్లనే వదిలేసి పోయిండ్రు. ఊర్ల అందరు మూడు చప్పుళ్లు అంటుంటే, ఆ నాలుగో కాలు ఏదో మద్దిలేటికి ఒక్కడికే తెలుసు. ముందరిది. ఎడమది.

అప్పటి సంది ఆయన ఆ తొవ్వ తొక్కలేదు. పగటిపూట కూడ.

ఏడాదైంది. చలికాలం. ఒకనాడు రాత్రి బువ్వ తింటుంటే ఫోన్ వచ్చింది. గుట్ట అవతల పల్లెల ఉండే రామచంద్రయ్య.

"డాక్టర్ సాబ్, బర్రె ఈనుతలేదు. మొదటి ఈత. రెండు కాళ్లు బయటికొచ్చినయి, తల వస్తలేదు. మధ్యాహ్నం సంది నిలబడే ఉన్నది... ఇప్పుడు పండుకుంది. లేస్తలేదు."

"వస్తున్న. తారు రోడ్డు మీదికెల్లి వస్త."

"ఆడ లారీ అడ్డం పడ్డది సారు, బండ్లు కదుల్తలేవు. అట్టకోట తొవ్వల రా. నీ కాళ్లు మొక్కుత. అది పోతే మా ఇంట్ల పాలు లేవు, పని లేదు..."

మద్దిలేటి కంచం పక్కకు పెట్టిండు.

తారు రోడ్డు దిగంగనే గాలి మారింది. సన్నటి నెల ఎలుగు. ఇంత దూరంల అట్టకోట నల్లగ కనవడ్డది. ఊడిన ప్లైవుడ్డు ముక్క ఒకటి గాలికి కొట్టుకుంటుంది... టప్... టప్... అదేలే, చెక్కనేలే అని తనకు తాను చెప్పుకున్నడు. బండి గట్టిగ రేస్ చేసిండు, చప్పుడుకు ధైర్యమని.

దర్వాజ ముంగటికి వచ్చిండు. బండ మీద టైరు జారింది. గేరు తప్పింది.

బండి ఆగిపోయింది.

కిక్కు కొట్టిండు. అందుకోలేదు. మల్ల కొట్టిండు...

టక్.

కాలు కిక్కు మీదనే ఆగింది.

టక్... టక్.

గీరుడు.

ఎనక దిక్కు కాదు. దర్వాజ లోపటికెల్లి. మెల్లగ. దగ్గరికి. ప్లైవుడ్డు ఊగుడు ఆగిపోయింది, గాలి ఆగిపోయింది, ఆ మూడు చప్పుళ్లు, ఆ గీరుడు తప్ప లోకంల ఇంకేం లేదు. మద్దిలేటి సెల్లు తీసి లైటు వేసిండు. ఎలుగు బురుజు మీద పడ్డది, బండ మీద పడ్డది...

రెండు కండ్లు మెరిసినయి. వాటి నడుమ తెల్ల చుక్క.

"నేనే..." అన్నడు మద్దిలేటి. "నేనే ఇచ్చిన సూది. నాకు తెలుసు. తెలిసే ఇచ్చిన..."

అది ఇంకో అడుగు వేసింది. దాని ఊపిరి ఆయన మొఖానికి తగిలింది.

"లైటు ఆర్పు."

చెవి పక్కనే. ఆడమనిషి గొంతు.

సెల్లు జారి కింద పడ్డది. మద్దిలేటి ఉరుకుదామని బండి ఇడిచి, బండ మీద జారి కూలబడ్డడు. ఒక ఎండిన చెయ్యి ఆ సెల్లు తీసి ఆర్పింది.

"లైటుకు బుగులు పడతది అది. షూటింగుల లైట్లు యాదికొస్తయేమో..." అని ఆ గొంతు మెల్లగ అన్నది. "నువ్వెవరు నాయనా?"

కంబళి కప్పుకొని దేవమ్మ నిలబడ్డది.

ఊపిరి మొఖానికి ఎచ్చగ తగిలిందన్న సంగతి అప్పుడు తోచింది మద్దిలేటికి. దయ్యానికి ఎచ్చటి ఊపిరి ఎట్లుంటది? చెయ్యి చాపిండు. మెడ మీద వెంట్రుకలు, చెమట, కింద కొట్టుకుంటున్న నరం. బతికే ఉన్నది.

గని ఆ చెయ్యి వాసన తగలంగనే గుర్రం చెవులు ఎనకకు పోయినయి. మందుల వాసన. ఒక్కసారి ఎనకకు దుంకింది. కుంటి కాలు మడతపడి ప్లైవుడ్డు మీద పడ్డది. మల్ల లేచి, దేవమ్మ ఎనకకు పోయి దాక్కున్నది. అంత పెద్ద జంతువు, అంత చిన్న ముసల్దాని ఎనక.

దేవమ్మ గప్పుడు ఆయన మొఖంలకు వంగి చూసింది.

"నువ్వా" అన్నది.

ఆమె చెప్పింది ఇదీ. నాలుగో షాట్‌ల గుర్రం పడ్డది. లేవలేదు. నోట్లె నురగ. చచ్చినట్టేనని, పూడ్చమని పెద్దమందడికెల్లి వచ్చిన జేసీబీ డ్రైవర్ వెంకటన్నకు చెప్పి యూనిట్ వాళ్లు బస్సులెక్కిండ్రు. వెంకటన్న గుంత తవ్విండు. తవ్వినంక చూస్తే గుర్రం కండ్లు తిప్పుతుంది. ఊపిరున్నదాన్ని పూడ్చుడు నాతోని కాదన్నడు. ఖాళీ గుంతనే పూడ్చి, పని అయిందని ఫోన్ చేసిండు. దేవమ్మ తెల్లారిందాంక తడి చీర కప్పి, చేతులతోని నీళ్లు తాపింది. మూడోనాడు లేచింది. పగలు క్వారీ రేకుల షెడ్డుల కట్టేస్తది. రాత్రి మేతకు ఇడుస్తది.

"ఊరంత దయ్యం అంటుంటే నువ్వు ఎందుకు చెప్పలేదు అవ్వా?"

"దయ్యమంటే ఎవ్వడు రాడు. గుర్రమని తెలిస్తే వస్తరు. కాయిదంల చచ్చినదాన్ని బతికుంచుతరా వాళ్లు?" అన్నది దేవమ్మ. "ఆ కాయిదం మీద సంతకం ఎవరిదో నాకు తెల్వదా నాయనా?"

ఆయన ఫోన్ మోగింది. రామచంద్రయ్య. మద్దిలేటి లేచి బండెక్కిండు. ఈసారి ఒక్క కిక్కుకే అందుకుంది. బర్రె కాడికి పోయి, మోచేతిదాంక చెయ్యి పెట్టి, ఎనకకు మలిగిన తలను సరిగ తిప్పి దూడను తీసిండు. బర్రె బతికింది, దూడ బతికింది. రామచంద్రయ్య పెండ్లాం రేణుకమ్మ దండం పెట్టి డాక్టర్ సాబ్ అంటే, "అట్లనకు చెల్లె" అన్నడు. ఎందుకన్నడో ఆమెకు తెల్వలేదు.

తెల్లారి మల్ల క్వారీకి పోయిండు. దేవమ్మ షెడ్డు కాడ గడ్డి వేస్తుంది.

"నేను పోయి చెప్త అవ్వా. నేను డాక్టర్‌ను కానని, చూడకుండ సంతకం పెట్టిన్నని."

"చెప్తే దీన్ని తీసుకపోతరు."

"నేను తీసుకపోనియ్య. చెప్పకపోతే ఆ కాలుకు మందు లేదు. ఇంకో రెండేండ్లల్ల మంచి కాలు కూడ పోతది. బరువంత దాని మీదనే వేస్తుంది, చూడు."

దేవమ్మ ఆ కాలు దిక్కు చూసింది. ఆమెకు తెలుసు. రోజు చూసేది ఆమెనే గదా.

"నువ్వు మాట తప్పితే..." అన్నది, గుర్రం మెడ మీద చెయ్యి వేసి.

వనపర్తిల జయశ్రీ అని ఒక డాక్టరమ్మ. పశువుల డాక్టర్, చదువుకున్న అసలు డాక్టర్. ఆమె ముంగట నిలబడి అంత చెప్పిండు మద్దిలేటి.

"ఇది రాసిస్తే నీ పని పోతది, తెలుసా?" అన్నది ఆమె.

"తెలుసు మేడం."

రాసిచ్చిండు. నెల తిరగకముందే పని పోయింది. ఇప్పుడు మా అసొంటోళ్లు పిలిస్తే వస్తడు, జయశ్రీ మేడంను ఫోన్‌ల అడిగి, ఆమె చెప్పిన మందే వేస్తడు. గుర్రం కాలు ఆమె చూసింది. నరం తెగి వంకరగ అతుక్కున్నదట. ఉరకదు గని బతుకుతది అన్నది. మందు పెట్టేది మద్దిలేటే. మొదట్ల ఆయన వస్తే అది షెడ్డు మూలకు పోయేది. అయిదు నెలలకు కాలు చేతికిచ్చింది. చేతికిచ్చిననాడు మద్దిలేటి చిన్నపిలగాని తీర్గ ఏడ్చిండని దేవమ్మ అందరికి చెప్పి నవ్వుతది.

దయ్యం కథ గంతే అయితే మంచిగుండు. నేను గూడ గంతే అనుకున్న.

మద్దిలేటి రాసిచ్చిన ఫిర్యాదుకు సినిమా కంపెనీ జవాబు పంపింది. మా గుర్రం చచ్చిపోయింది, మీ మనిషే సంతకం పెట్టాడు, ఆ ముసలమ్మ దగ్గర ఉన్నది వేరే గుర్రం అని. అట్లయితే గుంత తవ్వి చూద్దాం, ఖాళీ ఉంటే ఈ గుర్రమే ఆ గుర్రం అన్నరు పశువుల శాఖ ఆఫీసర్లు.

పోయిన నెల తవ్విండ్రు. పట్టపగలు, పదకొండు గొట్టంగ. నేను కూడ పోయిన, సగం ఊరు వచ్చింది. జేసీబీ మీద వెంకటన్ననే. తను పూడ్చిన జాగ తనే చూపిచ్చిండు. తవ్వుకుంట పోయిండు. నిలువెత్తు లోతు పోయినంక ఆపి, "గింతే సారు నేను తవ్వింది. కింద గట్టి మొరం తగుల్తది" అన్నడు.

గుంత ఖాళీ. మట్టి తప్ప ఏం లేదు. జనం చప్పట్లు కొట్టిండ్రు. దేవమ్మ కండ్లు తుడుచుకున్నది. మద్దిలేటి ఎన్నడు లేనిది నవ్విండు.

ఆఫీసర్ కాయిదం మీద రాసుకుంట, "ఎందుకైనా మంచిది, ఇంకో రెండడుగులు తియ్యి" అన్నడు.

వెంకటన్న బకెట్టు దింపిండు. గట్టి మొరం ఏం తగలలేదు. మట్టి మెత్తగ వచ్చింది. బకెట్టు ఎత్తి పక్కకు పోస్తే... తెల్లగ.

గుర్రం ఎముకలు.

వెంకటన్న ఇంజన్ ఆపి కిందికి దుంకిండు. "నేను కాదు సారు... నేను ఖాళీ గుంతనే పూడ్చిన. నా పిల్లల మీద ఒట్టు. ఇది నా గుంత కంటె కిందికున్నది. నాకంటె ముందుగాలనే ఉన్నది..."

జయశ్రీ మేడం గుంతలకు దిగింది. చేతితోని మట్టి తీసింది. నాలుగు డెక్కలకు నాలుగు నాడాలు ఇంక ఉన్నయి. కొత్తవి, అరగలేదు. దవడ ఎత్తి పండ్లు చూసింది. చానసేపు చూసింది.

"పాలపండ్లు ఊడలేదు దీనికి" అన్నది. "మూడేండ్లు కూడ నిండలేదు. మద్దిలేటీ, ఇంత చిన్నదాన్ని చూసినవా నువ్వు షూటింగుల?"

"లేదు మేడం" అన్నడు. "ఆ పద్నాలుగు గుర్రాలల్ల గింత చిన్నది లేకుండె. నేను వచ్చేసరికి లేకుండె."

అంటే ఆయనను పిలువకముందే. నడిమిట్ల ఎల్లిపోయిన ఆ డాక్టర్ ఎవరో, ఎందుకు ఎల్లిపోయిండో ఇప్పటికి తెల్వదు. ఆ పిల్ల గుర్రం ఎవరిదో తెల్వదు. చచ్చిందని రాసిన కాయిదం కూడ లేదు దానికి.

గప్పుడే సకిలింపు ఇనవడ్డది.

అందరం ఎనకకు తిరిగినం. రేకుల షెడ్డు కాడ ఎర్ర గుర్రం తాడు గుంజుకుంట నిలబడ్డది. మల్ల సకిలించింది, గట్టిగ, పొడుగ్గ. దేవమ్మ నా చెయ్యి పట్టుకున్నది. ఆమె వేళ్లు సల్లగున్నయి.

"ఇన్ని దినాలల్ల దీని గొంతు నేను ఇనలేదు" అన్నది మెల్లగ. "ఒక్కసారి కూడ."

అది గుంత దిక్కు చూస్తలేదు. మా దిక్కు కూడ చూస్తలేదు. రెండు చెవులు ముంగటికి నిక్కబెట్టి, అట్టకోట దర్వాజ దిక్కు చూస్తుంది. గుర్రం ఇంకో గుర్రాన్ని చూసినప్పుడే చెవులు గట్ల పెడతదని మద్దిలేటి నా పక్కన గొణిగిండు.

మేమందరం దర్వాజ దిక్కు చూసినం.

ఆడ ఎవ్వరు లేరు.